నాలుగు గొంతుల కారు, ఒక్క చెవి బావ

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. జాలరిపేటలో కొన్న వంజరం చేప నా చేతిలో ఇల్లు చేరేసరికి జానెడు పెరుగుతుంది. మర్నాడు డ్యూటీలో చెప్పేసరికి మూరెడు అవుతుంది. వారం తిరిగేసరికి దాన్ని నేనూ ఇంకొకడూ కర్రకు కట్టి మోసుకొచ్చినట్టు తేలుతుంది. మా అమ్మ బతికుండగా "వీడు గిద్దెడు బియ్యం పోసి కుంచెడు అన్నం వండుతాడు" అనేది. కాబట్టి ఇందులో ఎక్కడ కొలత కనిపించినా సగం కొట్టేసుకోండి. మనుషుల్ని మాత్రం కొట్టేయకండి, వాళ్లు నిజమే.

ఇంకో జబ్బు కూడా ఉంది. కుదురుగా కూర్చోలేను. మంచి కుర్చీ ఇచ్చి కూర్చోమంటే ఆరో నిమిషంలో కిందికి వంగి దాని మరలు బిగిస్తుంటాను. మా ఇంట్లో ఫ్యానూ పంపూ కుక్కరు మూతా అన్నీ నేను బాగుచేసిన తరవాతే పాడయ్యాయి. చర్చిలో ప్రసంగం సాగుతుంటే ముందు బెంచీ వదులుగా ఉందని పాదంతో పరీక్షిస్తుంటాను. మా ఆవిడ నా మోకాలి మీద బైబిలు పెడుతుంది, చదవడానికి కాదు, బరువుకి.

ఉక్కు ఫ్యాక్టరీలో నాది గొట్టాల పని. గాలి, నీరు, ఆవిరి, అన్నీ గొట్టాల్లోనే తిరుగుతాయి. ఒక గొట్టం ఎక్కడిదాకా పోతుందో చూసొస్తానని బయలుదేరిన మనిషి ఒకడు, దాని చివర చేరేసరికి రిటైరై అటునుంచి అటే ఇంటికి పోయాడు. అక్కడ చేరిన మొదటి రోజే నాకు ఒక సూత్రం నేర్పారు. అన్ని కొమ్మలకూ గాలి పంచే లావుపాటి గొట్టాన్ని హెడర్ అంటారు. కొత్తగా ఎవరికి గాలి కావాలన్నా హెడర్ మీద నుంచే లైను తీయాలి. కొమ్మ మీద నుంచి తీశావా, ఆ కొమ్మ చివరనున్న యంత్రం ఊపిరాడక చస్తుంది. పది ఆజ్ఞలు నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు. ఇది పదకొండోది.

ఇక మా బావ, అంటే అక్క మొగుడు. పోర్టులో రైలింజన్ల షెడ్డులో జీవితమంతా పనిచేశాడు. రిటైరయ్యాక గాజువాకలో ఇంటి వెనకాలే రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేస్తున్నాడు. పానా పట్టేది చేత్తోనే గానీ బావ పనిచేసేది చెవితో. ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి తగిలించుకుని, కళ్లు మూసుకుని, లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేవాడు. వీధిలో పోయే లారీ చప్పుడు విని, ఆ డ్రైవరు పొద్దున పెళ్లాంతో గొడవపడి వచ్చాడని కూడా చెప్పాడని నేను చాలామందికి చెప్పాను.

ఆ చెవుల్లో ఎడమది పోయింది. రైలింజన్లు తినేశాయి. కుడిది కూడా తరిగిపోతోంది. బావ టీవీ పెడితే అవుటర్ హార్బర్ బయట లంగరేసిన ఓడలవాళ్లకు కూడా సీరియల్లో అత్తగారు ఏమందో తెలిసిపోతోంది. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, బావ ముందు ఎవరూ అనరు. ఆ మధ్య ఒక కారు ఇంజనులో గొలుసు వదులై మోగుతుంటే బావకు వినపడలేదు. బాగుందని పంపించేశాడు. మర్నాడది తాడు కట్టించుకుని తిరిగొచ్చింది. బావ రెండు రోజులు శుభ్రంగా ఉన్న పానాల్నే మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అది జరిగిన వారానికే తన సొంత కారు ఇంజను విప్పాడు. అదొక పాత టర్బో పెట్రోలు కారు. కొన్నప్పుడు ఎరుపు. ఇప్పుడు పోర్టు వైపు నుంచి గాలి వీస్తే నలుపు, ఫ్యాక్టరీ వైపు నుంచి వీస్తే ఇటుక రంగు. టర్బో అంటే మరేం లేదు. ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న ఫ్యాను గిర్రున తిరిగి, బయటి గాలిని బలవంతంగా ఇంజనులోకి తోస్తుంది. బలం వస్తుంది గానీ ఆలస్యంగా వస్తుంది. కాలు నొక్కి, రెండు కీర్తనలు పాడుకుని, మూడోది మొదలుపెట్టబోతే అప్పుడు కారు ఎగిరి దూకుతుంది.

ఆ ఆలస్యంలో కొంత తలుపు దగ్గర ఉందని బావ లెక్క. మామూలు ఇంజనుకు గాలి వెళ్లే దారిలో ఒకటే తలుపు ఉంటుంది. దాన్నే థ్రాటిల్ అంటారు. మనం కాలితో తెరిచేది దాన్నే. ఆ తలుపు దాటిన గాలి ఒక పెద్ద పెట్టెలో చేరి, అక్కణ్నుంచి నాలుగు కొమ్మల్లోకి, నాలుగు సిలిండర్లలోకి పోతుంది. బావ ఆ ఒక్క తలుపు పీకేశాడు. తుక్కులోకి పోయిన నాలుగు సిలిండర్ల మోటారుసైకిలు నుంచి నాలుగు చిన్న తలుపులు తెచ్చి, ఒక్కో కొమ్మకు ఒక్కోటి, సిలిండరు ముక్కు దగ్గరే బిగించాడు. ఇంటికి ఒకటే వీధి గుమ్మం ఉండటానికీ, ప్రతి గదికీ ఒక గుమ్మం ఉండటానికీ ఉన్న తేడా అది. టర్బో తోసే గాలి ఇప్పుడు ఆ పెద్ద పెట్టెలోకొచ్చి నాలుగు గుమ్మాల ముందు కాచుకుని ఉంటుంది. తెరిస్తే చాలు.

తెరవడం సులువు. నాలుగూ ఒక్కలా తెరవడమే కష్టం. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక సిలిండరు పరిగెడుతుంది, ఒకటి కుంటుతుంది, కారు నిలబడ్డచోటే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. వాటిని కలపడానికి ముళ్లున్న మీటర్లు దొరుకుతాయి. బావ వద్దన్నాడు. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో తలుపు గొంతు దగ్గర పట్టి, నాలుగింటి బుసా ఒకటే అయ్యేదాకా మర తిప్పడం పాతకాలం పద్ధతి. అదే చేస్తానన్నాడు. ఎందుకని అడిగాను.

"ఈ నాలుగూ నా సెవితోటే కలుపుతాను," అన్నాడు. "కలిసినాయా, నాను ఇంకా మెకానిక్కునే. కలవనేదా, షెడ్డుకి తాళం ఏసీసి మీ అక్క పక్కన కూకుని సీరియల్ సూత్తాను."

"సీరియలేటి పాపం సేసింది బావా," అన్నాను.

బావ నవ్వలేదు. అక్క నన్ను పెరట్లోకి లాగి చెప్పింది. "ఒరే, మీ బావకిది పరీచ్చ. నీకు ఆట. సెయ్యి ఎట్టకు."

పెట్టనన్నాను. నెల రోజులు నిజంగానే పెట్టలేదు. డ్యూటీ దిగి రోజూ షెడ్డుకు వెళ్లడం, చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ తిరగడం. బైబిల్లో యెరికో గోడలు కూలేదాకా కూడా అన్నిసార్లు ఎవరూ తిరిగి ఉండరు. ఆ తిరగడం చూడలేక బావ నన్ను రెండుసార్లు సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టాడు. దిమ్మ కింద ఎలక కన్నం ఉందని కనిపెట్టి, దాన్ని పూడ్చడానికి మళ్లీ లేచాను.

ఒక చిక్కు మాత్రం చెప్పాలి, తరవాతిదంతా దాని మీదే నడిచింది. కారు బ్రేకు మన కాలి బలంతోనే పడుతుందని అనుకుంటాం. ముప్పాతిక బలం ఇంజనుది. తలుపు మూసి ఉన్నప్పుడు ఇంజను గాలికోసం పీలుస్తుంది కదా, ఆ పీల్పును ఒక లావు గొట్టంతో బ్రేకు దగ్గరికి తీసుకెళతారు. ఆ పీల్పే పెడలును మెత్తగా ఉంచుతుంది. మామూలు కారులో ఆ గొట్టం పెద్ద పెట్టెకు తగిలించి ఉంటుంది. ఇప్పుడు తలుపులు పెట్టెకు ఇవతలికి, సిలిండర్ల వైపుకు వచ్చేశాయి. పీల్పు ఉండేది తలుపుకూ సిలిండరుకూ మధ్యనున్న జానెడు కొమ్మలోనే. అందుకని బావ నాలుగు కొమ్మలకూ నాలుగు సన్నటి గొట్టాలు తగిలించి, వాటిని టిఫిను గిన్నెంత డబ్బాలో కలిపి, ఆ డబ్బా నుంచి లావు గొట్టం బ్రేకుకు వేశాడు.

అది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. కొమ్మ మీద నుంచి లైను, అదీ ఒకటి కాదు, నాలుగు. మా ఫ్యాక్టరీలో అలా చేసినవాణ్ని సొంత పిల్లలు కూడా నాన్నా అని పిలవరు.

గొంతులు కలిపిన రోజు నేను అక్కడే ఉన్నాను. పెట్టె మూత తీసి, ఇంజను నడుస్తుండగా, బావ గొట్టం కుడిచెవిలో పెట్టుకుని వంగాడు. మొదటిది విన్నాడు, రెండోది విన్నాడు, మళ్లీ మొదటిదానికి వచ్చాడు. షర్టు వీపుకు అతుక్కుపోయింది. ఆ ఎండకు రేకుల మీద వాలిన కాకి వేగిపోయి కింద పడింది. అక్క వంటింట్లో మిక్సీ కూడా వేయలేదు. రెండు గంటలకు బావ నడుం ఎత్తాడు. ఇంజను మీద నీళ్ల గ్లాసు పెట్టాడు. నీళ్లు కదలలేదు. ఇది మాత్రం సగం కొట్టేయకండి. కాకి సంగతి మీ ఇష్టం.

శనివారం పొద్దున బావా నేనూ కారు తీసుకుని బయలుదేరాం. ఊళ్లో అయితే బళ్లు అడ్డం, ఆనందపురం దాటి పద్మనాభం వైపు పొలాల మధ్య రోడ్డు ఖాళీగా ఉంటుందన్నాడు. దారి పొడుగునా కారు చెప్పినట్టు విన్నది. కాలు ఆనిస్తే పలికింది, తీస్తే ఆగింది. బావ మీసం ఒక్కో కిలోమీటరుకు ఒక్కో అంగుళం లేచి, ఆనందపురం చేరేసరికి వెనకద్దం కనిపించకుండా అడ్డం పడింది.

"ఇన్నావా," అన్నాడు బావ. "నాలుగు కాదు, ఒకటే గొంతు."

ఆనందపురం జంక్షన్లో బావకు తమ్ముడి వరసయ్యే మెకానిక్కు ఒకడున్నాడు. వాడికి ఈ మాట చెప్పకుండా ముందుకు పోతే బావకు ఊపిరాడదు. ఇంజను ఆపి, టీ తాగుతుండమని నన్ను కారు దగ్గర వదిలి, వాడి కొట్టుకు నడిచి వెళ్లాడు.

టీ ఎంతసేపు తాగుతారు? రెండు గుక్కలు. తరవాత? కారు చుట్టూ తిరిగాను. టైర్లు తన్నాను. ఇంజను ఆగేముందు చిన్నగా వణికినట్టు గుర్తొచ్చింది. బహుశా వణకలేదు. కానీ చేతులు దురదపెట్టాయి. బానెట్ ఎత్తాను. నాలుగు సన్నటి గొట్టాలు నాలుగు కొమ్మల రక్తం పీలుస్తున్న జలగల్లా కనిపించాయి. పక్కనే పెద్ద పెట్టె. నా కంటికది అచ్చమైన హెడర్. దాని మీద ఖాళీగా ఒక ముక్కు కూడా ఉంది, రబ్బరు టోపీ పెట్టుకుని నన్నే చూస్తోంది. డబ్బా నుంచి బ్రేకు గొట్టం లాగి పెట్టెకు తగిలించాను. డబ్బా మూతికి ఆ టోపీ తొడిగాను. బానెట్ దించి, చేతులు తుడుచుకుని, ఇంకో టీ చెప్పాను. మొత్తం నాలుగు నిమిషాల పని.

ఆ పెట్టెలో ఇప్పుడు టర్బో తోపు ఉంటుంది గానీ పీల్పు ఉండదన్న సంగతి నాకు తట్టలేదు. ఇరవై ఏడేళ్ల అనుభవం ఉన్నవాడికి ఇలాంటివి తట్టవు.

బ్రేకులో అప్పటికే దాచుకున్న పీల్పు కొంచెం ఉంటుంది. అందువల్ల జంక్షన్ దాటాక మొదటి స్పీడు బ్రేకరు దగ్గర పెడలు బాగానే దిగింది. రెండోసారి గేదెలు అడ్డొచ్చినప్పుడు బావ కనుబొమలు కలిశాయి. మూడోసారి, పొలాల మధ్య మలుపు దగ్గర, బావ కాలు రాతి మీద పడ్డట్టు ఆగిపోయింది. రెండు కాళ్లూ ఎత్తి తొక్కాడు. సీటు వెనక్కి వాలి మూలిగింది. కారు మెల్లగా, మర్యాదగా, నడిచే ఆవు వేగంతో రోడ్డు దిగి, గట్టు పక్కన వేసిన వరిగడ్డి కుప్పలోకి ముక్కు దూర్చి నిలబడింది. మాకేమీ కాలేదు. కారుకూ ఏమీ కాలేదు. కుప్ప గలావిడ కొడవలి చేత్తో పట్టుకుని వచ్చి, చుట్టూ తిరిగి చూసింది.

"ఏటి బాబూ, మీ కారు గడ్డి తింటాదేటి," అంది.

ఇక్కణ్నుంచి నేను అందరికీ చెప్పే కథ ఇలా సాగుతుంది. పెళ్లిళ్లలో, డ్యూటీలో, చర్చి బయట చెట్టు కింద ఇలాగే చెప్పాను. గడ్డిలోంచి పైకి లేచిన నేను, తలమీద రెండు ఎడ్లకు సరిపడా మేతతో, బావకు ఎదురుగా నిలబడి నిజం ఒప్పేసుకుంటాను. బావ నన్ను కొడవలి తీసుకుని పద్మనాభం దాకా తరుముతాడు. ఆ కుప్ప గలావిడ, మడుల్లో కూలీలు, డ్యూటీకి క్యారేజీలు కట్టుకుని పోతున్న వాళ్లు కూడా బళ్లు ఆపి మా వెంట పరిగెడతారు. చివరికి ఆయాసం వచ్చి ఇద్దరం కాలవగట్టు మీద కూలబడి నవ్వుకుంటాం. విన్నవాళ్లు కూడా నవ్వుతారు. నా కథల్లో ఇంత బాగా అమ్ముడుపోయేది ఇంకోటి లేదు.

వంజరాన్ని నేను పెంచుతాను గానీ పుట్టించను. ఇది మాత్రం నేను పుట్టించిందే. గడ్డి కుప్ప దగ్గర నేనేమీ ఒప్పుకోలేదు.

జరిగింది ఇది. బావ దిగి ఆవిడకు సర్దిచెబుతున్నాడు. గడ్డి మళ్లీ కుప్పగా వేసిపెడతామంటున్నాడు. నేను బానెట్ ఎత్తాను. చూడగానే తెలిసిపోయింది, నా తప్పేమిటో. గొట్టం పెట్టె మీద నుంచి పీకి, డబ్బాకు ఎప్పట్లా తగిలించి, టోపీ దాని చోట దానికి పెట్టేశాను. ఈసారి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. బావ వచ్చి చూసేసరికి అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంజను వేసి పెడలు తొక్కాడు. మెత్తగా దిగింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ దిగింది.

బావ చాలాసేపు ఇంజను మీద వంగి ఉన్నాడు. కుడిచెవి తిప్పి, అటూ ఇటూ జరిగి విన్నాడు. తరవాత బానెట్ మెల్లగా దించాడు.

"ఎక్కడో గాలి పీల్సుకుంటంది," అన్నాడు. "బుస ఉండే ఉంటాది. నాకే ఇనబడ్డం నేదు."

అప్పుడు చెప్పొచ్చు. నోట్లో మాట ఉంది. గడ్డి ఎత్తి కుప్ప వేస్తూ, ఇంటికెళ్లాక చెబుదాం అనుకున్నాను. దారంతా బ్రేకు బాగానే పడింది. పడకేం? పడిన ప్రతిసారీ బావ ముఖం ఇంకొంచెం వాడింది.

ఆదివారం చర్చిలో బావ పాటకు పెదవులు కదిపాడు గానీ గొంతు ఎత్తలేదు. సోమవారం లేని బుస కోసం పొద్దుటి నుంచి భోజనాల వేళదాకా వెతికాడు. మంగళవారం షెడ్డుకు తాళం పడింది. నేను రోజూ వెళ్లాను. గేటు దాకా వెళ్లడం, అక్క ముఖం చూడటం, టీ వద్దనడం, వెనక్కి రావడం. ఫ్యాక్టరీలో ఆ వారం నేను నడిచినంత దూరం గొట్టాలు కూడా నడిచి ఉండవు. ఇంట్లో మా ఆవిడ నా మోకాలి మీద బైబిలు పెడితే అది కూడా ఊగింది. జలుబును క్షయ చేసి చెప్పగలిగేవాణ్ని, నాలుగు నిమిషాల పనిని ఉన్నంత సైజులో చెప్పడానికి మాటలు దొరకలేదు.

గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగి వెళ్లేసరికి షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఆనందపురం మెకానిక్కు, బావ తమ్ముడి వరసవాడు, పానాల పెట్టెలు ఎక్కిస్తున్నాడు. బావే ఫోను చేసి రమ్మన్నాడట. నాకు పనికిరానివి నీ దగ్గరైనా పనికొస్తాయి, తీసుకుపో అన్నాడట. అక్క గుమ్మంలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

బావ పక్కకు వెళ్లి నిలబడి చెప్పేశాను. ఆ గొట్టం మార్చింది నేనని, మళ్లీ పెట్టేసింది నేనేనని, నీ చెవి తప్పు కాదని. బావ పలకలేదు. అటే చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది, నేను నిలబడింది ఎడమవైపు.

కుడివైపుకు నడిచి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అక్క విన్నది. ఆటో ఎక్కిన మెకానిక్కు విన్నాడు. ఎదురింటివాళ్లు మేడ మీద బట్టలు ఆరేస్తూ విన్నారు.

"ఏ గొట్టం," అన్నాడు బావ.

"బ్రేకుది. పెద్ద పెట్టెకి ఎట్టీసినాను."

"పెట్టెకా."

"హెడర్ అనుకున్నాను బావా."

బావ చేతివేళ్లతో గాలిలో ఏదో గీసుకున్నాడు. పెట్టె, కొమ్మలు, తలుపులు కాబోలు.

"టర్బో ఉన్న పెట్టెలో తోపుంటాది గాని పీల్పెక్కడుంటాదిరా," అన్నాడు. అది బావలోని మెకానిక్కు అన్న మాట. దాని తరవాతిది బావ మాట. "ఐదు రోజులు నా సెవిని నాను తిట్టుకున్నాను."

తరుముతాడనుకున్నాను. తరిమితే బాగుండేది, పరిగెత్తడం నాకు వచ్చు. బావ ఆటో వైపు తిరిగాడు.

"తమ్ముడూ, నువ్వు దిగిపో. ఆడు దింపుతాడు."

పెట్టెలు మూడే. మూడూ నేనే దింపాను. బావ మళ్లీ షెడ్డు తాళం తీసి లోపల నిలబడి, ఏది ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. మూడోది దించాక నడుం పట్టేసింది, సిమెంటు దిమ్మ మీద కూర్చోబోయాను. బావ తల అడ్డంగా ఊపి, గుమ్మం బయటికి వేలు చూపించాడు. వెళ్లి నిలబడ్డాను. లోపల ఇంజను వేసిన చప్పుడైంది. బావ దాని మీదకు వంగి, కుడిచెవి ఒగ్గి, కళ్లు మూసుకున్నాడు.